సర్కారు కర్ర

"కెంటకీకి తర్వాత పోదువుగానీ, మీ ఇంటి పక్కన నేను పాతిన హద్దు కర్ర ఏమైందో ముందు చెప్పవయ్యా," అంటూ సర్వేయరు ఈథన్, హోసియా బండికి అడ్డం నిలబడ్డాడు. "అది లేకపోతే రాజధాని పెద్దవీధి ఎక్కడ మలుపు తిరగాలో తెలీదు."

"వీధంట, వీధి," ఎడ్లను కాడికి కడుతూ విసుక్కున్నాడు హోసియా. "ఈ ఇండియానా అడవిలో తిరిగేది ఉడతలే. నీ రాజధాని లేచేలోపు చలిజ్వరం మనందర్నీ మింగేస్తుంది. జెరూషా, బండెక్కవే."

భార్య కదల్లేదు. నెల రోజులుగా ఇదే వరస. బట్టలు ఆరలేదంటుంది, ఎద్దు కుంటుతోందంటుంది.

"కర్ర నేనే పీకాను," అందామె.

"పొయ్యిలో పెట్టావా?" ఈథన్ మండిపడ్డాడు.

ఆమె మేపుల్ చెట్టు కిందికి చూపించింది. అక్కడ మూరెడు మట్టిదిబ్బ, దాని మీద హద్దు కర్ర.

"సర్కారు కర్రనైతే ఎవరూ పీకరు కదాని."

హోసియా చేతిలోంచి పగ్గం జారింది. తమ పసిదాన్ని పాతిపెట్టిన రోజు అతను జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడున్నాడు. ఎక్కడని అడిగే ధైర్యం ఆ తర్వాతా రాలేదు.

ఈథన్ టోపీ తీశాడు. "మళ్లీ కొలుచుకుంటాలే," అని గొణిగి, ఇంకో కర్ర చెక్కుకోవడానికి చెట్లలోకి వెళ్లిపోయాడు.

హోసియా ఎడ్లను విప్పేశాడు. దిబ్బ పక్కన మోకాళ్ల మీద కూర్చుని అడిగాడు.

"తల ఏ వైపే?"