తాళాల బాబాయి తొలి వేషం

స్టోర్‌రూమ్ అలమరలో ఉండాల్సిన కొత్త లెన్స్ బుధవారం పొద్దున చూసేసరికి పెట్టెతో సహా మాయమైంది.

కాలేజీ మొత్తానికి మంచి లెన్స్ అదొక్కటే. దాని పక్కన మిగతావన్నీ గాజు పెంకుల కింద లెక్క. మీడియా క్లాసు పిల్లలకు అదంటే ప్రాణం, దాన్ని కాపాడే తాళాల బాబాయికి అదంటే దడ.

బాబాయి ఆ స్టోర్‌రూమ్ అటెండరు. ఇరవై ఆరేళ్ళుగా నడుముకు తాళాల గుత్తి వేలాడేసుకుని తిరుగుతున్నాడు. "నా చేతుల్లో ఒక్క స్క్రూ పోలేదు" అని రోజుకోసారి అనకపోతే ఆయనకు అన్నం అరగదు. మూడు నెలల్లో రిటైరవుతాడు. ఇన్నేళ్ళూ దాచుకున్న ఆ ఒక్క మాటా ఇప్పుడు పోయేలా ఉంది.

"నిన్న అటువైపు ఎవరొచ్చారు?" అని మీడియా క్లాసు మేడమ్ అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఈ డైరెక్టరూ వాళ్ళ హీరో తప్ప పురుగు కూడా రాలేదమ్మా."

డైరెక్టర్ అంటే క్లాసులో కుర్రాడే. నల్లద్దాలు పెట్టుకొచ్చిన మొదటి రోజే ఆ పేరు అంటుకుంది. పరీక్షకు బదులు ఒక పాటకు వీడియో తియ్యమంటే, కథ తనే, కెమెరా తనే, ఎడిటింగ్ తనే అన్నాడు. ఆ లెన్స్ రెండ్రోజులు ఇంటికి ఇమ్మని వారంగా బాబాయి చుట్టూ తిరిగాడు. "అది గడప దాటదు నాయనా" అని బాబాయి కూడా వారంగా చెబుతూనే ఉన్నాడు.

ఇక హీరో, నిన్నటి షూటింగులో వరండా పొడవునా వెనక్కి వెనక్కి నడిచి నడిచి, స్తంభానికి గుద్దుకుని, తల వెనక బొప్పి కట్టించుకుని ఇంట్లో పడుకున్నాడు. వెనక్కెందుకురా అని బాబాయి అడిగితే, "ఎడిటింగ్ అయ్యాక చూద్దువుగాని బాబాయ్" అన్నాడు డైరెక్టర్. ఈ కాలం పాటలు అంతే కాబోలనుకుని బాబాయి ఊరుకున్నాడు.

మేడమ్ డైరెక్టర్‌నీ బాబాయినీ ఎడిటింగ్ గదిలోకి పిలిచి తలుపు మూసింది.

"నిజమే మేడమ్, నేను స్టోర్‌రూమ్‌లోకి వెళ్ళాను," అన్నాడు డైరెక్టర్, ఏమాత్రం తడబడకుండా. "లెన్స్ పెట్టె బయట బెంచీ మీద పడుంటే తీసి అలమరలో పెట్టాను. బాబాయికి మాట వస్తుందని ఎవరికీ చెప్పలేదు."

"బెంచీ మీదా?" అన్నాడు బాబాయి. "నేను పెట్టలేదే!"

"పెద్దవాడివయ్యావు బాబాయ్, మర్చిపోయి ఉంటావు. కావాలంటే నా వీడియోలోనే ఉంది, చూడండి."

వీడియో మొదలైంది. పాట హోరెత్తుతోంది. వరండాలో హీరో దర్జాగా నడుచుకుంటూ కెమెరా వైపు వస్తున్నాడు. పక్కన స్టూలు మీద బాబాయి, చేతిలో టీ గ్లాసు. "కదలకూడదు, వెనక్కి తిరగకూడదు, గుక్క గుక్కా తాగుతూ ఉండాలి, అదే నీ వేషం" అని డైరెక్టర్ కూర్చోబెట్టి, కెమెరాను స్టాండుకు బిగించి వదిలేశాడు. జీవితంలో తొలి వేషం కదా, బాబాయి బొమ్మలా కూర్చున్నాడు. ఆయన వెనకే తెరిచిన స్టోర్‌రూమ్ తలుపు. అందులోంచి అలమర. అలమర ముందు పసుపు వాచీ కట్టిన చెయ్యి. ఆ చెయ్యి లెన్స్ పెట్టెను పై అరలో పెట్టింది. అలమర తలుపు మూసింది.

డైరెక్టర్ తన పసుపు వాచీ ఎత్తి చూపించాడు.

మేడమ్ నిట్టూర్చింది. "అతను లోపల పెట్టాడు. ఆ తర్వాత తాళం వేసింది మీరు. తాళాలు మీ దగ్గరే. కంచే చేను మేస్తే ఇంక ఎవరికి చెప్పుకోవాలి బాబాయ్?"

బాబాయి చెయ్యి తనకు తెలియకుండానే తాళాల గుత్తి తడుముకుంది. నిజంగానే మర్చిపోయానా? బెంచీ మీద వదిలేశానా? మొన్న కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికిన సంగతి గుర్తొచ్చింది. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

మేడమ్ ప్రిన్సిపాల్‌కు రాయడానికి కాగితం తీసుకుంది.

"అమ్మా," అన్నాడు బాబాయి, "ఆ వీడియో ఇంకొక్కసారి వెయ్యండి."

మేడమ్ జాలిపడి వేసింది. అయిపోగానే ఆయన కళ్ళజోడు తుడుచుకుని, మరోసారి వెయ్యమన్నాడు. డైరెక్టర్‌కు నవ్వాగలేదు.

"ఏం బాబాయ్, నీ వేషం నీకే అంత నచ్చిందా?"

"వేషానికేంలే బాబూ," అన్నాడు బాబాయి తెరకు మొహం ఆనించి. "అమ్మా, నాకు మీ ఎడిటింగులూ అవీ తెలియవు. నిన్న వెనక్కి నడిచి బొప్పి కట్టించుకున్న పిల్లాడు ఇందులో ముందుకు నడిచొస్తున్నాడు. సరే, అదేదో మీ చదువులో మాయ అనుకున్నాను."

డైరెక్టర్ నవ్వు ఆగిపోయింది.

"మరి నేను గుక్కలు వేస్తున్నకొద్దీ, ఖాళీ గ్లాసు టీతో నిండుతోందేంటమ్మా?"