రెండు బోల్టులు

మంగళవారం ఉదయం ఆరుంపావుకు 'వారిన్' అనే థాయ్ చేపల పడవ ప్రొపెల్లర్ రెక్క ఒకటి విరిగి అరఫురా సముద్రంలో పడిపోయింది. ఆ పడవ రేవు ముఖం చూసి అప్పటికి ఇరవై రెండు నెలలైంది.

నలభై రోజులకోసారి సరుకుల ఓడ వచ్చేది. డీజిలు, బియ్యం దించేది. అప్పుడప్పుడు కొత్త మనుషుల్నీ దించేది. వెళ్ళేటప్పుడు చేపల్ని ఎక్కించుకునేది, మనుషుల్ని కాదు.

పడవలో ఎనిమిది మంది కూలీలు. అందరూ బర్మా వాళ్ళే. వాళ్ళ పాస్‌పోర్టులు పడవ నడిపే సరంగు విచియన్ ఇనప పెట్టెలో ఉన్నాయి. తాళంచెవి అతని మెడలో, బుద్ధుడి బిళ్ళ పక్కన ఉంటుంది.

రెక్క విరగడానికి వారం ముందు మెకానిక్ మిన్ న్యో గాలి గొట్టం నోట పెట్టుకుని పడవ కిందికి దిగాడు. కత్తితో రెక్కను గీశాడు. ఇత్తడి పసుపు లేదు. రాగి ఎరుపు తేలి, పొడిపొడిగా రాలింది. జింకు పలకలుండాల్సిన చోట రెండు బోల్టులే ఉన్నాయి. వాటి నిండా గుల్లలు పట్టాయి.

"పంకా కుళ్ళిపోయింది సరంగు గారూ," అన్నాడు పైకొచ్చి. "జింకు పలకలు లేవు. అవి ఉంటే ఉప్పునీళ్ళు ముందు వాటిని తింటాయి, పంకా జోలికి రావు."

"నాకు పాఠాలు చెప్పకు. పోయిన ఓడలో వచ్చిన రెండూ నేనే దిగి బిగించాను. నీ చేతికిస్తే బోల్టు సముద్రానికి, స్పానర్ చేపలకి."

"ఏడాది రావాల్సినవి ఇరవై రోజుల్లో పోయాయంటే ఎక్కడో కరెంటు లీకవుతున్నట్టే."

"అయితే వెతుకు."

మిన్ న్యో వెతికాడు. బ్యాటరీలు, నీళ్ళు తోడే మోటారు, దీపాలు. ఒక్కో వైరూ విప్పి మీటరు పెట్టి చూశాడు. లీకు దొరికితే పడవ సముద్రంలోనే ఉండిపోతుంది. దొరక్కపోతే తనను ఇంకో పడవకు మార్చేస్తానని యజమాని రేడియోలో అన్నాడు. ఆ పడవకు వెళ్ళిన వంటవాడు మళ్ళీ ఎవరికీ కనపడలేదు.

నాలుగో రోజు విచియన్ వచ్చి నిలబడ్డాడు.

"దొరికిందా?"

"లేదు."

"అవి కళ్ళా, కొబ్బరి చిప్పలా?"

"నేల మీద కాలు పెట్టి పదహారు నెలలైంది సరంగు గారూ. బుర్ర పని చెయ్యట్లేదు."

"నాకు ఇరవై రెండు. నోరు మూసుకుని వైర్లు చూడు."

ఆ సాయంత్రం అతను యజమానితో రేడియోలో మాట్లాడాడు. పక్కనే ఉన్న మిన్ న్యోకి రెండు గొంతులూ వినిపించాయి.

"దొరకలేదండి. రేవుకి తీసుకెళ్ళి పడవని పైకి లాగితే తప్ప..."

"రేవూ గీవూ వద్దు. మెల్లగా నడుపు. ఇంకో రెండు పలకలు పంపిస్తా. ఇప్పటికి పద్నాలుగు పంపించాను, నంజుకు తింటున్నారా ఏంటి?"

మంగళవారం రెక్క విరిగాక పడవ ఒళ్ళంతా వణికింది. షాఫ్టు చుట్టూ నీళ్ళు లోపలికొచ్చాయి. యజమానికి ఇక వేరే దారి లేకపోయింది. గురువారం మధ్యాహ్నం రెండూ ఇరవైకి వారిన్ తువాల్ రేవు చేరింది.

హార్బరు అధికారిణి రహవరిన్ పడవెక్కి కాగితాలడిగింది. కూలీలు సరంగు వైపు చూశారు.

"ముందు నీది చూపించు," అందామె అతనితో.

"నాది యజమాని దగ్గరుందమ్మా. పడవెక్కిన రోజే తీసుకున్నాడు."

"మరి వీళ్ళవి?"

విచియన్ మెడలోంచి తాళంచెవి తీసి మిన్ న్యో చేతిలో పెట్టాడు.

"నువ్వే తియ్యి."

పెట్టెలో ఎనిమిది పాస్‌పోర్టుల కింద, చుట్టిన కాగితం కూడా విప్పకుండా, పద్నాలుగు జింకు పలకలు ఉన్నాయి.