ఒక్క బటన్ ఫ్రేమ్

"వైఫై లేనిదాన్ని కొనుక్కపోయి ఏం జేస్తం?" అంటూ ఉమారాణి, మరదలు కళ్యాణి చేతిలోని డిజిటల్ ఫొటో ఫ్రేమును లాక్కుని కౌంటరు మీద పెట్టేసింది. "గీ పెద్దదైతే నేను భూపాలపల్లిల కూసొని ఫొటో పంపినా అవ్వ ముంగట పడతది. ఊకె వచ్చే పని తప్పుతది."

"మనింట్ల వైఫై ఏడిది వదినా?" అంది కళ్యాణి మెల్లగా. "అత్తమ్మకు ఒక్క బటన్ ఉన్నదే నయం. కరెంటు పోయి వచ్చినా దానంతట అదే నడవాలె. వేలు తాకితే ఉరికే బొమ్మలు పెడితే ఆమె పరేషాన్ అయితది."

ఏడాదికోసారి కూడా ముఖం చూపించని ఉమారాణి 'ఊకె వచ్చే పని' అనడం విని కళ్యాణికి నవ్వొచ్చింది. నవ్వలేదు. ఆడబిడ్డతో పేచీ ఎందుకు?

తొర్రూరు బస్టాండు ఎదురుగా ఉన్న ఆ దుకాణంలో ఫోన్ కవర్ల నుంచి పోయినవాళ్ల దినాలకు పెట్టే ఫొటోల దాకా అన్నీ దొరుకుతాయి. ఉప్పలమ్మ స్టూలు మీద కూర్చుని కూతురినీ కోడలినీ మార్చి మార్చి చూస్తోంది. అప్పుడే ఎవరో ఒకాయన చనిపోయిన తన తండ్రి ఫొటోకు ఫ్రేము కట్టించి, దండతో సహా పట్టుకుని వెళ్లాడు. ఆమె చూపు అతని వెంట గడప దాకా వెళ్లింది.

"గీ డబ్బకు బొట్టు యాడ పెట్టాలె బిడ్డా?" అని అడిగింది.

దుకాణం నడిపే రాజ్‌కుమార్ నవ్వాడు. ఉమారాణి కూడా నవ్వింది. పాపం ఉప్పలమ్మకు తెలిసిన ఫ్రేములు అవే మరి. ఇంట్లో గోడకున్న భర్త ఫొటోకూ, చిన్నకొడుకు చంద్రమోహన్ ఫొటోకూ పొద్దున్నే బొట్టు పెట్టనిదే ఆమె చాయ్ కూడా ముట్టదు.

"దీనికి బొట్లు, దండలు ఏం వద్దు అవ్వా," అన్నాడు రాజ్‌కుమార్. "ఒక్కదాంట్లనే మీ ఇంటోళ్లందరు వస్తరు. ఒకలెన్క ఒకలు."

"అందరు ఒక్కదాంట్లనేనా? గట్లనైతే మంచిదే. గా చిన్నదే తీసుకుందాం."

కళ్యాణి మాటే నెగ్గింది. సంబరంగా పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చింది. ఎవరెవరినో అడిగి, పాత ఆల్బమ్‌లు వెతికి ఏరి పెట్టిన ఫొటోలవి. ఫ్రేము వెలిగింది. ముందుగా తలపాగాతో మామ సోమనర్సయ్య.

"ఉండనీ," అంది ఉప్పలమ్మ.

ఏళ్లుగా ఇంటి గడప తొక్కని పెద్దకొడుకు నరేందర్, కారుకు ఆనుకుని. "ఉండనీ." పట్టుచీరలో ఉమారాణి. "ఉండనీ." ఆ తర్వాత పత్తిచేనులో, ఒడి నిండా పత్తితో కళ్యాణి.

"గీ పిల్లను తీసెయ్."

కళ్యాణి తను విన్నది తప్పేమో అనుకుంది. రాజ్‌కుమార్ ఇబ్బందిగా ఆమె వైపు చూసి, తీసేశాడు. ఈసారి కళ్యాణి, చంద్రమోహన్‌ల పెళ్లి ఫొటో వచ్చింది.

"గిది మంచిగున్నది," అంది ఉప్పలమ్మ, కళ్లకు దగ్గరగా పెట్టుకుని. "నా కొడుకును ఒక్కణ్ణే ఉంచు. పక్కపొంటి గా పిల్లను కోసెయ్."

"పెళ్లి ఫొటో గద అవ్వా," అని నసిగాడు రాజ్‌కుమార్.

"కోసెయ్యమన్న గద."

కోసేశాడు. చంద్రమోహన్ భుజం మీద కళ్యాణి వేళ్లు మాత్రం మిగిలాయి. అత్తమ్మకు తలంటి పోసిన చేతులివి. జ్వరంలో దవాఖానకు ఎత్తుకుపోయిన చేతులివి. భర్త పోయాక పుట్టింటివాళ్లు రమ్మన్నా, అత్తమ్మకు ఎవరున్నారని ఉండిపోయింది. ఇంత నమ్మకద్రోహమా? ఈ రోజు ఫొటోలోంచి కోసినామె రేపు ఇంట్లోంచి కొయ్యదని ఏముంది? నలుగురిలో అడిగేయాలనిపించింది. కానీ కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది.

"మనసుల పెట్టుకోకు కళ్యాణీ," అంది ఉమారాణి, జాలి ఒలకబోస్తూ. "ఎంతైనా కన్నోళ్లు కన్నోళ్లే. అవ్వకు మేమంటే పానం."

కోడలి ఫొటోలన్నీ పోయాయి. ఫ్రేము మళ్లీ మొదటి నుంచి తిరగసాగింది. సోమనర్సయ్య వెళ్లాడు, నరేందర్ వెళ్లాడు, పట్టుచీరలో ఉమారాణి నవ్వుతూ వచ్చింది. ఉప్పలమ్మ కొంగుముడి విప్పి, చిల్పూరు గుట్ట గుడిలోని కుంకుమ పొట్లం తీసింది. ఫ్రేము పై అంచున, సరిగ్గా నడుమ, ఒక బొట్టు పెట్టి రెండు చేతులా దండం పెట్టుకుంది.

"ఒక్క బొట్టు అందరికి సాలు," అంది.

ఉమారాణి ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. "అవ్వా, ఏం జేస్తున్నవ్? గందుట్ల నేను గూడ ఉన్న."

ఉప్పలమ్మ ఎప్పటిలాగే లేవడానికి కళ్యాణి వైపు చెయ్యి చాపింది. కళ్యాణి పట్టుకుంది గానీ, ఇక ఆపుకోలేకపోయింది.

"నన్నొక్కదాన్నే ఎందుకు తీసేపిచ్చినవ్ అత్తమ్మా?"

ఉప్పలమ్మ ఆ చేతిని గట్టిగా పట్టుకుని లేచి నిలబడింది.

"నువ్వొక్కదానివే నాకు బతికున్నవ్ బిడ్డా."