ఒట్టు పెట్టిన చెయ్యి

ములుగు రోడ్డు చెక్‌పోస్టులో కానిస్టేబుల్ ట్రాలీని ఆపి, పొగ వాసన చూశాడు.

“బజ్జీల వాసన వస్తాంది. ఇది ఇంట్ల కాగబెట్టిన డీజిలా?”

ట్రాలీ నడుపుతున్న భానుచందర్ వెనకనున్న డ్రమ్ము వైపు చూశాడు. బజ్జీ బండ్ల వాళ్లు వాడేసిన పామాయిల్ తెచ్చి, ట్రాలీ మీది డ్రమ్ములోనే డీజిల్ చేసుకుంటాడతను. దానికి పర్మిషన్ లేదు. ఇవాళ ఆ డ్రమ్ము పక్కనే భార్య పద్మలత పురిటి నొప్పులతో పడుకుని ఉంది. వరంగల్ దవాఖానకు తీసుకుపోతున్నాడు.

“నిజం చెప్పు. ఇంటి డీజిలైతే బండి సీజ్ చేస్త. ఫికర్ చెయ్యకు, అక్కను మా జీపుల దవాఖానకు పంపిస్త.”

బండి పోతే బతుకే పోతుంది. భానుచందర్ దిగివచ్చి భార్య తల మీద చెయ్యి పెట్టాడు.

“నా భార్య మీద ఒట్టు సార్. బంకుల కొట్టిచ్చిన డీజిలే.”

కానిస్టేబుల్ ఇంకేమీ అడగకుండా గేటు ఎత్తాడు. “జల్ది పో అన్నా.”

అడవి మధ్యకు వచ్చేసరికి ఇంజను దగ్గి దగ్గి ఆగిపోయింది. తెల్లవారుజాము చలికి పామాయిల్ డీజిల్ నెయ్యిలా పేరుకుపోయి పైపుకు అడ్డం పడింది. అరచేతులతో పైపును ఎంత రుద్దినా కరగలేదు. ఫోనుకు సిగ్నల్ లేదు. వెనక్కి చూస్తూ నిలబడ్డాడు. ఏ జీపూ రాలేదు.

“ఏమయ్యా, భయమైతాంది. జర నా తల మీద చెయ్యి పెట్టు,” అంది పద్మలత.

చాచిన చెయ్యి ఆమె నుదుటిదాకా పోయి, అక్కడే ఆగిపోయింది.