జోగే గొంతు

"జోగే ఊళ్లో ఉంటుందో లేదో. లేకపోతే వెనక్కి వెళ్లిపోదాం" అంది గంగారత్నం మళ్లీ.

"ఉంటుంది ఆంటీ, సర్పంచితో మాట్లాడాను" అన్నాడు అవినాష్. "మీ గొంతేంటి, పొద్దుటికన్నా బొంగురుపోయింది?"

"బచేలి దుమ్ము." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

జీపు సుక్మా దాటి గొల్లపల్లి దారి పట్టింది. అవినాష్ హైదరాబాదులో ఒక కంప్యూటరు కంపెనీ పరిశోధన విభాగంలో పనిచేస్తాడు. ఇన్నాళ్లూ గంగారత్నంతో మెసేజీల్లోనే పరిచయం. మూడేళ్ల కిందట ఆ కంపెనీ ఈ అడవి ఊళ్ల గిరిజనుల భాష దొర్లీని యంత్రానికి నేర్పాలనుకుంది. దొర్లీ పుట్టుభాషగా ఉన్న మనిషొకరు కావాలి, వాక్యాలు చెప్పించి రికార్డు చేసి పంపడానికి చదువుకున్నవాళ్లొకరు కావాలి. బచేలి గనుల క్వార్టర్లలో ఉండే గంగారత్నం డిగ్రీ చదివింది. ఆమె ఇంట్లో పనిచేసే జోగేది గొల్లపల్లి; వింటూ వింటూ గంగారత్నానికీ కాస్త దొర్లీ పట్టుబడింది. ఇంకేం కావాలి?

"మీరు పంపినంత శుభ్రంగా ఎవరూ పంపలేదు. వెనకాల కోడి కూత కూడా లేదు. పైగా మీరు రికార్డు చేసింది ఇప్పపూల సీజన్లోనట కదా? ఒక్కరోజు ఆలస్యం చెయ్యలేదు మీరు."

ఇప్పపూలు రాలేది ఏడాదిలో కొన్నాళ్లే. తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ చెట్ల కింద ఉండాలి. ఆ ఏడు జోగే గుమ్మంలో నిలబడి, "ఊరికి పోతనమ్మా" అని అడిగిన తీరు గంగారత్నానికి ఇంకా కళ్లకు కట్టినట్టుంది. వెళ్లినది పూలన్నీ అయిపోయాకే తిరిగొచ్చింది.

"మా పరిశోధన పేపర్ చివర్లో జోగే పేరే వేశాం. ఇప్పుడు యూనివర్సిటీల్లో పిల్లలు ఆ రికార్డింగుల మీదే ప్రాజెక్టులు చేస్తున్నారు. గొల్లపల్లి బడిలో టాబ్లెట్ ఇచ్చి చూశాం, బ్రహ్మాండంగా పనిచేసింది. జోగే ఒకసారి విని సరేనంటే, జిల్లాలో దొర్లీ పిల్లలున్న ప్రతి బడికీ వెళ్తుంది. ఇదంతా ఆమెకు చెప్పే ఉంటారుగా?"

"లేదు."

"అదేంటి?"

"ఏమీ చెప్పలేదు."

అవినాష్ మొహంలో నవ్వు తగ్గింది. "అది తప్పు ఆంటీ. ఒక మనిషి గొంతు వాడుకుంటున్నప్పుడు ఆ మనిషికి తెలియాలి."

"తప్పే" అంది గంగారత్నం. దారిలోనే మిగతాది కూడా చెప్పేయాలనుకుంది. అంతలోనే జీపు జోగే ఇంటిముందు ఆగింది.

జోగే వాకిట్లో కూర్చుని చింతపండులో గింజ తీస్తోంది. గంగారత్నాన్ని చూడగానే లేచి చేతులు చీరకు తుడుచుకుంది.

"ఏందమ్మా, ఇంత దూరం! కబురన్న చెయ్యకపోతివి. అయ్యో, గొంతుకేమైంది?"

"దుమ్మే."

"ఆ ఎర్ర దుమ్ముల ఎట్లుంటవో ఏమో. నేనైతే తప్పించుకొచ్చిన!"

అవినాష్ నమస్కారం పెట్టి, సంచిలోంచి టాబ్లెట్ తీశాడు. "అమ్మా, ఇది వినండి."

తెరను తాకాడు. పిల్లలకు జ్వరమొస్తే కాచి చల్లార్చిన నీళ్లు తాగించాలని దొర్లీలో చెప్పింది ఓ ఆడగొంతు. జోగే చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. టాబ్లెట్ వంక చూసింది. గంగారత్నం వంక చూసింది. గంగారత్నం చాపమీది గింజల్ని చూస్తోంది.

"మీరేనమ్మా. మెషీన్ గొంతును కాస్త సన్నం చేసింది, అంతే" అన్నాడు అవినాష్.

జోగే పకపకా నవ్వింది. "నేను గింత సన్నగుంటే మా ఇంటాయన ఎన్నడో ఇడిచిపెట్టి పోతుండె!"

"నవ్వులకేం గానీ, మాటలన్నీ సరిగ్గా ఉన్నాయా? తప్పుంటే చెప్పండి, మొదటినుంచి మళ్లీ చేద్దాం. మాకింకో ఏడాది పడుతుంది, ఫరవాలేదు."

జోగే లోపలున్న మనవరాలిని పిలిచి చాట తెమ్మంది. ఏడేళ్ల నందే చాట తెచ్చిచ్చి, అవ్వ భుజం మీద వాలి దొర్లీలో ఏదో గునిసింది. జోగే తెల్లబోయింది.

"ఏమంటోంది?" అన్నాడు అవినాష్.

"చాటకు నేను తప్పు మాటన్ననంట. బడిల డబ్బ ఇట్ల చెప్పదంట."

నందే ఆ డబ్బా చెప్పే మాటను గట్టిగా పలికి చూపింది. ఆ మాట గంగారత్నానికి బాగా తెలుసు.

"చూశారా అమ్మా! మీరు నేర్పిందే మీకు అప్పజెబుతోంది" అని అవినాష్ పొంగిపోయాడు.

"ముసలిదాన్నైతి గదా సారూ" అంది జోగే మెల్లగా. "మా అమ్మ అన్న మాటే అంటున్న. పిల్లలకు నచ్చుతలేదు."

"మరి అన్నీ సరిగ్గా ఉన్నట్టేనా?"

జోగే చాటను ఒళ్లో పెట్టుకుని, దాని అంచు మీద వేలితో రాసింది. జోగే నిజం చెప్పేయాలని ఉంది గంగారత్నానికి. చెప్పొద్దనీ ఉంది.

"మంచిగనే ఉన్నయ్" అంది జోగే.

అవినాష్ ఫోను పట్టుకుని సిగ్నల్ కోసం రోడ్డు మీదికి పరుగెత్తాడు. నందే అతని వెనకే పోయింది.

"జోగే..." అంది గంగారత్నం.

జోగే పొయ్యి మీది వేడినీళ్లు గ్లాసులో పోసి తెచ్చింది. "ముందు ఇవి తాగు. గొంతు పోతే ఎట్ల?" గ్లాసు ఆమె చేతిలో పెట్టి, దగ్గరగా వంగి, గొంతు తగ్గించింది.

"డబ్బల మాట్లాడేది నువ్వని నేనెవరికీ చెప్పలేదమ్మా."