ఒకే పేరుతో రెండు రిపోర్టులు

"అయితే నాకు కేన్సర్ లేనట్టేనా?" టీచరమ్మ బల్ల గుద్దింది. "ఆ రిపోర్టు చూసినప్పట్నుంచీ మా ఇంట్లో పొయ్యి వెలగలేదు!"

ఆసుపత్రి వెబ్‌సైటు చూసే మేనేజరు నసిగాడు. "ఒకేసారి ఇద్దరు డౌన్‌లోడ్ నొక్కారమ్మా. ఫైళ్లు తారుమారయ్యాయి. చిన్న పొరపాటు."

"చిన్నదా?" పక్కనున్న ప్రోగ్రామరు భగ్గుమంది. "సర్వర్లో అందరివీ ఒకే ఫైలు పేరుతో దాచొద్దు, ఎవరి రిపోర్టు తయారవగానే నేరుగా వాళ్ల బ్రౌజరుకే పంపుదామని మొత్తుకున్నాను. జావాలో నాలుగు లైన్ల పని! వింటేగా!"

"ఈవిడకేం లేదుగా. సంతోషించాలి," అన్నాడు మేనేజరు.

టీచరమ్మ లేవబోయి ఆగిపోయింది.

"మరి నా రిపోర్టు చూసుకుని, తనకేం లేదని ఊపిరి పీల్చుకున్న ఆవిడ సంగతేంటి? చెప్పారా?"

మేనేజరు బల్ల మీది కాగితాలు సర్దసాగాడు.

ఫోను అతని ముందుకు తోసి, టీచరమ్మ మళ్లీ కూర్చుంది. "చెయ్యండి. అందాకా నేను కదలను."