ముందు సీటు జంట

జలపాతం ఎదురుగా బస్సు ఆగగానే అందరూ ఫోన్లు పట్టుకుని దిగిపోయారు. ముందు సీట్లో ఆవిడ మాత్రం కదల్లేదు. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. అవతల పక్కింటావిడ ఎప్పుడో పెట్టేసింది.

"పెద్దాయన బాత్రూంలో జారిపడ్డారట. లేవలేకపోతున్నారట. నన్నే అడుగుతున్నారట," అంది పక్కనున్న మాస్టారితో.

డ్రాయింగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి ఆయన.

"డాక్టరు వచ్చాడా?"

"పిలిచారట. నేను వెళ్ళిపోతాను."

"రేపు సాయంత్రానికి టూరు అయిపోతుంది కదా."

ఆ మాటకి ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఆవిడకీ మండింది. కానీ అంతలో గైడు బస్సెక్కాడు. ఆవిడ మొహం మీదికి నవ్వు తెచ్చుకుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్ళు ఆపరేటరుగా చేసింది మరి. కడుపులో ఎంత బాధున్నా గొంతులో నవ్వు పలికించడం ఆ ఉద్యోగం నేర్పిన విద్య.

"ఏమోయ్, దిగు. కాస్త గాలి పోసుకుందాం," అన్నాడు మాస్టారు, గైడుకి వినపడేలా.

అసలు చిక్కంతా ఆ గైడు తెచ్చిపెట్టిందే. నిన్న బస్సు కదలగానే మైకు పట్టుకుని, "పెళ్ళై నలభై రెండేళ్ళయినా చేతులు పట్టుకునే నడుస్తారండీ వీళ్ళు! మా బస్సులో రావడం ఇది పదకొండోసారి," అని చెప్పాడు. బస్సంతా చప్పట్లు కొట్టింది. అప్పట్నించీ ఇద్దరికీ ఊపిరాడ్డం లేదు. చెట్టు కింద నిలబడితే ఫొటో, బెంచీ మీద కూర్చుంటే ఫొటో. అదే జలపాతం, అదే గులాబీ తోట, అదే సరస్సు. ఏ మలుపు దగ్గర ఎన్నో సీటువాళ్ళు వాంతి చేసుకుంటారో కూడా ఆవిడ చెప్పగలదు.

మాస్టారు రెండు టీలు తెచ్చాడు. ఒక్క గుక్క తాగి ఆవిడ మొహం చిట్లించింది.

"అదేంటి మాస్టారూ, ఆంటీ పంచదార వేసుకోరుగా," అంది వెనక సీటు కొత్త పెళ్ళికూతురు.

"నలభై రెండేళ్ళుగా మర్చిపోతూనే ఉన్నానమ్మా," అన్నాడాయన. చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు.

వాళ్ళు కాస్త దూరం వెళ్ళాక ఆవిడ గొంతు తగ్గించింది. "గులాబీ తోట వెనక గేటు దగ్గర పదకొండింటికి కింది ఊరికి వ్యానుంది. నేను పోతాను."

"మీరు వ్యానెక్కి వెళ్ళిపోయి, నేనిక్కడ పూలు చూస్తూ కూర్చుంటే బస్సులో వాళ్ళు ఏమనుకుంటారు? ఆలోచించండి."

కోపం వచ్చినప్పుడు 'మీరు' అనడం కొందరికి అలవాటు.

"అయితే మీరూ రండి."

"ఇద్దరం మధ్యలో దిగిపోతే మనల్ని మళ్ళీ ఈ బస్సెక్కనివ్వరు."

"ఎక్కకపోతే కొంపలు మునుగుతాయా?"

మునుగుతాయని ఆవిడకీ తెలుసు.

అయినా బస్సు గులాబీ తోట చేరాక, పదకొండింటికి ఆవిడ వెనక గేటు దాటింది. వ్యాను కదలబోతోంది. ఒక కాలు మెట్టు మీద పెట్టిందో లేదో, వెనక నుంచి ఎవరో చెయ్యి పట్టుకున్నారు. కొత్త పెళ్ళికూతురు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఆంటీ, మీతో ఒక మాట చెప్పాలి. రాత్రి మా ఇద్దరికీ పెద్ద గొడవైంది. తెల్లారగానే వెళ్ళిపోదామని బ్యాగు సర్దేసుకున్నాను. బయటికొచ్చి చూస్తే మీ బాల్కనీలో మాస్టారు చలికి ముడుచుకుని పడుకున్నారు. ఏంటి మాస్టారూ ఇది అంటే, నా గురకకి ఆవిడకి నిద్ర పట్టదమ్మా అన్నారు. ఇలాంటి మొగుళ్ళు కూడా ఉంటారా అనిపించింది. లోపలికెళ్ళి బ్యాగు విప్పేశాను."

"ఎక్కుతారా, లేదా?" అన్నాడు వ్యాను డ్రైవరు.

ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. ఎక్కితే ఎందుకో చెప్పాలి. చెబితే ఆ బ్యాగు మళ్ళీ సర్దుకుంటుంది. ఆవిడ మెట్టు మీది కాలు వెనక్కి తీసుకుంది.

"దారి తప్పానమ్మా. పద," అంది. వ్యాను వెళ్ళిపోయింది.

కొండల్లో ఫోను మళ్ళీ పలకలేదు. విరిగిన కాలా, పగిలిన తలా? ఏదీ తెలియకుండానే ఆవిడ ఆ రోజంతా నవ్వింది. సాయంత్రం సరస్సు మధ్యలో, పడవలో ఇక ఆపుకోలేకపోయింది. దిగిపోదామంటే చుట్టూ నీళ్ళు, ఏడుద్దామంటే ఎదురుగా ఆరు ఫోన్లు. మాస్టారు గొడుగు విప్పి ఆవిడ మొహానికి అడ్డం పెట్టాడు.

"రేపు ఈ పాటికి ఇంట్లో ఉంటారు," అన్నాడు మెల్లగా.

మర్నాడు సాయంత్రం బస్సు ఊరు చేరింది. కొత్త పెళ్ళికూతురు ఆవిడని కావలించుకుని మరీ దిగింది. అందరూ వెళ్ళిపోయాక గైడు ఇద్దరి చేతుల్లో చెరో కవరు పెట్టాడు.

"ఆదివారం ఆరింటికల్లా వచ్చేయండి. ఆ నీలం స్వెటరు మాత్రం వద్దమ్మా, ఫొటోల్లో నీరసంగా పడుతోంది."

ఆవిడ ఆ మాట వినిపించుకోలేదు. మోకాళ్ళ నొప్పి మర్చిపోయి మూడంతస్తులు ఎక్కేసింది. తలుపు తీసిన పక్కింటావిడ, "ఎముక విరగలేదులెండి, బెణికిందంతే," అంది. ఆవిడ మంచం పక్కన కూలబడింది. రెండు రోజులుగా దాచుకున్న ఏడుపంతా అప్పుడు బయటికొచ్చింది.

కట్టు కట్టిన కాలు కొంచెం పక్కకి జరిపి ఆవిడకి చోటిస్తూ, "బస్సులో నా వేషం వేసే ఆ మాస్టారు ఈసారైనా నీకు పంచదార లేని టీ తెచ్చాడా?" అని అడిగాడు ఆవిడ భర్త.